టైరు ఎక్కించే ఉపాయాలు

కారు టైరు ఏం బరువుంటుందిలే అనేవాళ్లు దాన్ని ఎన్నడూ ఎత్తనివాళ్లు. రోడ్డు మీద దొర్లిస్తే పిల్లలు ఆడుకునే చక్రంలాగే పోతుంది, నిజమే. కానీ జాకీ మీద నిలబెట్టిన కారు పక్కన గొంతుక్కూర్చోవాలి. టైరును రెండు చేతులతో పైకి లేపాలి. దాని రంధ్రాలు లోపలి బోల్టులన్నిటికీ సరిగ్గా కలిసేదాకా గాలిలోనే పట్టుకోవాలి. ఆ తర్వాత ఒక చేత్తో దాన్ని పట్టుకొనే, ఇంకో చేత్తో మొదటి నట్టు తిప్పాలి. అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మా ఆయన ఈ పని ఇరవై ఆరేళ్లు చేశాడు. కాజీపేట రోడ్డులో రైలు వంతెన దిగగానే ఎడమ చేతి వైపు మా పంక్చర్ షాపు. నేను పక్కన కూర్చొని గాలి పట్టేదాన్ని, వచ్చినవాళ్లతో మాట్లాడేదాన్ని. మాటలు నావి, చేతులు ఆయనవి. పిల్లలు లేరు మాకు. ఇల్లూ షాపూ, మేమిద్దరం, అంతే.

ఆ చేతుల్లో ముందు కుడిచెయ్యి మోసం చేసింది. నట్లు వేళ్ల సందుల్లోంచి జారి కింద పడేవి. ఒకటి పడితే ఏమో అనుకుంటాం. రోజుకు పది పడితే నాలాంటిది ఊరుకుంటుందా?

"పొద్దుగాల పొద్దుగాల చేతులు వణుకుతానయేంది? నాకు తెల్వకుంట తాగుతానవా?" అన్నాను.

"నీకు తెల్వకుంట నేను నీళ్లు గూడ తాగనే," అన్నాడు నవ్వుతూ.

తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం రాలేదు. నేను పెడుతూ ఆయన అరచెయ్యి చూశాను. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన కండ లేదు. చెంచాతో తీసేసినట్టు గుంట పడి ఉంది. హనుమకొండలో ఒక డాక్టరు మెడ నరం అన్నాడు, మెడకు పట్టీ ఇచ్చాడు. ఇంకొకాయన బలం గోలీలు రాశాడు. చివరికి హైదరాబాదు పెద్ద దవాఖానకు పోయాం. చేతులకూ కాళ్లకూ సూదులు గుచ్చి మిషన్లో చూశారు. డాక్టరమ్మ చిన్న వయసుది. ఆయన ఎదురుగా కూర్చున్నా నాతోనే మాట్లాడింది.

"నరాల జబ్బమ్మా. కండలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. ఆపే మందు లేదు. చేతనైనన్ని రోజులు పని చేసుకోవచ్చు. అలసిపోకుండా చూసుకోండి."

ముందు చెప్పిన మాటలేవీ నా చెవికెక్కలేదు. చివరి మాట పట్టుకున్నాను. కూరగాయల దగ్గర బేరమాడే ఆడదాన్ని, సందు దొరికితే చాలు దూరిపోతాను. అలసట తగ్గిస్తే రోజులు పెరుగుతాయని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఎదురుగా.

"నువ్వు ఫికర్ జెయ్యకు. బలం తగ్గితే ఉపాయం పెంచుదాం. నీ చేతులు ఊకుండయి, నాకెర్కే," అన్నాను.

"సరే తియ్," అన్నాడు ఆయన.

నా భయం వేరే ఉంది. మా నాయన తొర్రూరు మార్కెట్లో పత్తి బస్తాలు మోసేవాడు. మోకాళ్లు పట్టేసి పని మానుకున్న రోజున మంచం మీద వాలాడు. ఒంట్లో ఏ రోగమూ లేదు. అయినా మళ్లీ పత్తి వచ్చేనాటికి మనిషి లేడు. పని ఆగితే మనిషి ఆగుతాడని నా నమ్మకం. తప్పో ఒప్పో, కళ్లారా చూసింది కాబట్టి అది నా బుర్రలోంచి పోలేదు. మా ఆయన మంచం ఎక్కకూడదు. అందుకు ఆయన చేతులు టైరు ఎక్కిస్తూ ఉండాలి. రెండేళ్లు నేను కోరుకున్నది ఇదొక్కటే.

మొదటి ఉపాయం నీళ్ల బిందె నుంచి వచ్చింది. నిండు బిందెను ఏ ఆడదీ నేల మీంచి తిన్నగా నెత్తికెత్తదు. ముందు వంచి మోకాలి మీదికి, మోకాలి మీంచి నడుముకు, నడుము మీంచి నెత్తికి. మగవాళ్లకు ఈ తెలివి ఉండదు, దేన్నైనా చేతులతోనే గెలవాలనుకుంటారు. ఆయన్ను పీట మీద కూర్చోబెట్టాను. టైరును ఎదురుగా నిలబెట్టి, రెండు పాదాలూ దాని కిందికి దూర్చమన్నాను. మడమలు నేలకు ఆన్చి, వేళ్లు పైకి లేపితే టైరు తనంతట తానే లేస్తుంది. చేతులు ఊరికే పడిపోకుండా పట్టుకుంటే చాలు. కాళ్లకు అప్పటికి జబ్బు రాలేదు. ఆయన పాదాలు లేపాడు, టైరు లేచింది. నేను చప్పట్లు కొట్టాను. గాలి కొట్టించుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు కూడా నవ్వుతూ కొట్టారు.

ఆ తర్వాత జాకీ. ఆయన అలవాటు కొద్దీ కారును మోకాలెత్తు లేపేవాడు. అంత ఎత్తు లేపితే అంత ఎత్తూ టైరును మోయాలి కదా. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా?" అని నేనే జాకీ దించాను. గాలి నిండిన టైరు కింద నుంచి ఒక వేలు దూరేంత సందుంటే సరిపోతుంది. అప్పుడిక టైరును ఎత్తాల్సిన పని లేదు. దొర్లించుకొచ్చి కొంచెం వెనక్కి వాలిస్తే చాలు.

ఇంకొకటి ఆయనే చెప్పాడు, ఇరవై ఆరేళ్ల పనివాడు కదా. టైరు తొడిగే ఇనప గుండ్రాన్ని ముందుగా తిప్పి, ఒక బోల్టును సరిగ్గా పైకి, గడియారంలో పన్నెండు ఉండే చోటికి తేవాలి. టైరు పై రంధ్రాన్ని ముందు దానికి తగిలించాలి. గోడ మీద మేకుకు అంగీ తగిలించినట్టు టైరు దానికి వేలాడుతుంది, మిగతా రంధ్రాలు వాటంతటవే దారికొస్తాయి. అన్నిటికన్నా ముందు ఆ పై నట్టే ఎక్కించాలి.

పాదాలు అలసిన రోజున గడ్డపార తెచ్చాను. దాని మొన టైరు కింద పెట్టి, మధ్యలో ఇటుక పెట్టి, రెండో కొస మీద అరచేత్తో ఆనితే టైరు అణకువగా లేచేది. ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు. మమ్మల్ని ఊళ్లో ఉండనిస్తారని నాకు అప్పుడు గట్టి ధీమా. వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేదాన్ని. "మా ఆయన ఇప్పుడు టైరును వేలుతో ఎక్కిస్తడు, సూడుండ్రి," అనేదాన్ని. ఆయన తల వంచుకొని పని చేసుకునేవాడు. సిగ్గనుకున్నాను.

అసలు చిక్కు బిగించడం దగ్గర వచ్చింది. మా ఆయన కాజీపేటలో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఉస్తాద్ ఎప్పుడో పోయాడు కానీ ఆయన పెట్టిన రెండు కట్టుబాట్లు మా షాపులో పోలేదు. ఒకటి, విప్పేటప్పుడు కాలు వాడొచ్చు, బిగించేటప్పుడు చెయ్యే వాడాలి. కాలికి కొలత తెలియదు, బోల్టు తెగిపోతుంది. రెండోది, ఏ చెయ్యి విప్పిందో ఆ చెయ్యే బిగించాలి. మధ్యలో ఇంకొకరు పానా పట్టారంటే, ఒకరి మీద ఒకరు వదిలేసి ఏదో ఒక నట్టు అట్లాగే ఉండిపోతుంది. ఇరవై ఆరేళ్లలో నేను ఒక్క నట్టు బిగించలేదు. ఆయన బిగించనిచ్చేవాడు కాదు.

విప్పడం బాగానే సాగింది. పానాకు పొడవాటి పైపు తొడిగి కాలితో తొక్కేవాడు. బిగించేటప్పుడు మాత్రం చేతిలో బలం లేదు. గాలితో తిరిగే గన్ను ఒకటి తెప్పించాను, పెద్ద షాపుల్లో ఉంటుందే, అది. దాని బరువుకే ఆయన మణికట్టు వాలిపోయింది. అది ఒక్కసారి దడదడలాడేసరికి చేతిలోంచి జారి ఆయన పాదం పక్కన పడింది. దాన్ని గోనెసంచిలో చుట్టి మూలకు పెట్టాను. మళ్లీ పానాయే. ఆయన పళ్లు బిగపట్టి పానా లాగేవాడు. టక్ అని శబ్దం రావాల్సిన చోట రాకుండానే "అయింది" అనేవాడు. అది అబద్ధం కాదు. ఆయనకు అయినట్టే అనిపించేది.

అవతల బండిలో మనుషులుంటారు. ఆయన చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోగానే, సామాను సర్దుతున్నట్టు కూర్చొని, నేను ఒక్కో నట్టునూ ఇంకో పావు చుట్టు లాగేదాన్ని. తొర్రూరు నీళ్లు మోసిన చేతులు, లాగితే టక్ మనేది. ఉస్తాద్ కట్టుబాటు తప్పానని నాకు తెలుసు. ఆయనకు చెప్తే ఆ రోజే పానా కింద పెడతాడనీ తెలుసు.

ఒకేసారి రెండు బండ్లు వస్తే దేనికి బిగించానో మరిచిపోతానని భయం పట్టుకుంది. దేవుడి పటం కింద కుంకుమ భరిణె ఉంది. బిగించిన నట్టు మీద వేలితో చిన్న బొట్టు పెట్టడం మొదలుపెట్టాను. ఎర్రబొట్టు ఉంటే నా చెయ్యి పడ్డట్టు, లేకపోతే పడనట్టు. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

జనం దాన్ని ఇంకోలా తీసుకున్నారు. టైరు మార్చి బొట్టు కూడా పెట్టి పంపిస్తున్నారు, మంచి మనుషులు అన్నారు. ఒక రైల్వే ఆయన భార్య పనిగట్టుకొని కారు దిగొచ్చి, "అక్కా, మిగిలిన మూడింటికి గూడ పెట్టవా? గీ ఒక్కదానికి పెడితే అవి అలుగయా?" అంది. పెట్టాను, ఏం చేస్తాను? ఆమె దండం పెట్టుకొని పోయింది. నేను ఇంటికెళ్లి నవ్వుకున్నాను. మా ఆయన కూడా, "ఇదేంది కొత్తగ, బొట్లు పెడుతానవ్?" అని అడిగాడు.

"నీ చేతికి దిష్టి తగలకుంట," అన్నాను.

నాలుగు నెలలు అట్లా గడిచాయి.

దసరాకు వరంగల్‌లో బండి ఉన్నవాడెవడూ ఇంట్లో కూర్చోడు. కడిగించాలి, గాలి చూపించాలి, పూజ చేయించాలి. ఆ పొద్దున మా షాపు ముందు మూడు కార్లు వరసగా ఆగి ఉన్నాయి. మూడోది ఒక సర్కారు బడి సారుది. పదేళ్లుగా మా దగ్గరికే వచ్చే మనిషి. స్కూటర్ పోయి అప్పుడే కారొచ్చింది ఆయనకు. అమ్మవారి గుడి ముందు పూజ చేయించుకొని నర్సంపేటలో చెల్లెలింటికి పోతుంటే, దారిలో ముందు టైరు గాలి దిగిందని ఇటు తిప్పుకొచ్చాడు. బండికి నిమ్మకాయలు, బంతిపూలు. వెనక సీట్లో ఆయన ముసలి తల్లి.

మా ఆయన ఆ టైరు విప్పాడు, పంక్చర్ వేశాడు, పీట మీద కూర్చొని పాదాలతో లేపి ఎక్కించాడు, బిగించాడు, నల్లా దగ్గరికి పోయాడు. నేను రెండో కారుకు గాలి పట్టడం ముగించుకొని వచ్చి వంగి చూశాను. నట్ల మీద ఎర్రగా కుంకుమ ఉంది. ఓహో, దీనికి అయిపోయింది అనుకున్నాను. సారుకు చెయ్యూపి పంపించేశాను.

ఆ కుంకుమ నాది కాదు. గుడి ముందు పంతులు నాలుగు చక్రాలకూ నట్లతో సహా పెట్టింది. ఏ పండగకు బండ్లకు ఏం చేస్తారో పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని, అదే గుర్తు నేనూ పెట్టుకున్నాను చూడండి, నా తెలివి తెల్లారిపోను.

మధ్యాహ్నానికి సారు ఎవరిదో బైకు వెనక కూర్చొని వచ్చాడు. ఊరు దాటాక ముందు చక్రం ఊగిందట, టకటకమని శబ్దం వచ్చిందట. ఆపి దిగి చూస్తే రెండు నట్లు లేవు. మిగతావి చేతివేళ్లకే తిరుగుతున్నాయి.

"అన్నా, జర సూస్కోవాలె," అన్నాడు. అరవలేదు. "ఎనుక మా అమ్మున్నది."

తిడితే బాగుండేది. తిట్టేవాళ్లతో వేగడం నాకు బాగా చేతనవును. ఆయన మెత్తగా అన్నాడు. మా ఆయన కుర్చీలోంచి లేచాడు. తన కుడిచెయ్యిని పైకెత్తి చూసుకున్నాడు, అటు తిప్పి, ఇటు తిప్పి.

"నేను బిగించలేదా?" అన్నాడు.

ఆ ముఖం చూసి తట్టుకోలేకపోయాను. ఆ తప్పు ఆయన మీద పడకూడదన్న ఒక్క ఆలోచనే ఉంది. "నీ తప్పు కాదయ్యా, నాదే. బొట్టు జూసి, నేను బిగించిన్ననుకున్న," అన్నాను.

నోటి నుంచి వచ్చాక తెలిసింది ఏం చెప్పానో. సారు అర్థంకాక చూశాడు. మా ఆయనకు మాత్రం ఒక్క క్షణంలో అంతా అర్థమైంది.

"ఎన్ని బండ్లకు?" అన్నాడు.

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

"ఎన్ని బండ్లకే?"

"అన్నిటికి."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. నేను నట్లూ పానా తీసుకొని సారుతో పాటు ఆటోలో పోయి, రోడ్డు పక్కన ఎండలో కూర్చొని ఆ చక్రం బిగించి వచ్చాను. ముసలమ్మ కారు దిగకుండా నన్నే చూస్తూ ఉంది. నేను తిరిగొచ్చేసరికి మా ఆయన ఆ కుర్చీలోనే అట్లాగే ఉన్నాడు. పండగ పూట ఇద్దరం అన్నం తినలేదు. మర్నాడు షట్టరు తీయగానే పానా నా చేతికిచ్చాడు.

"ఇగ నువ్వే విప్పు, నువ్వే బిగించు. ఉస్తాద్ మాట ఉంటది," అన్నాడు.

ఆ రోజు అంతటితో విని ఊరుకోవాల్సింది. నేనెక్కడ వింటాను? "సరే, పానా నాది. టైరు మాత్రం నువ్వే ఎక్కియ్యాలె. నువ్వు ఎక్కియ్యంది నేను బిగించ," అన్నాను.

ఆయన నా ముఖం కేసి చూసి, "నీ ఇష్టం," అన్నాడు.

జబ్బు ఆగలేదు. మేము ఒక మెట్టు కనిపెట్టి దాని మీద నిలబడేసరికి అది మమ్మల్ని రెండు మెట్లు కిందికి తోసేది. చలికాలానికి ఎడమచెయ్యి కూడా సన్నబడింది. కొన్ని కార్లకు లోపల బోల్టులు ఉండవు. టైరునే పట్టుకొని బయటినుంచి బోల్టు దూర్చాలి, దానికి ఇంకా ఓపిక కావాలి. లేతు మిషన్ ఆయన దగ్గరికి పోయి, పాత బోల్టుకు తల కోయించి తెచ్చాను. ఆ తల లేని బోల్టును పై రంధ్రంలో తిప్పి పెడితే టైరు దానికి వేలాడుతుంది. మిగతావి బిగించి, దాన్ని తీసేసి అసలుది పెట్టాలి. నెల రోజులు పనికొచ్చింది. తర్వాత ఆయన టైరును అంతవరకు తోయలేకపోయాడు. సబ్బునీళ్లు పోసిన ప్లాస్టిక్ బియ్యం సంచి మీద టైరు పెట్టి జార్చమన్నాను. అది ఇరవై రోజులు. తర్వాత పాదాలు లేవలేదు, గడ్డపార మీద ఆనడానికి భుజం లేదు. గడ్డపార నేను తొక్కేదాన్ని, ఆయన టైరు మీద చెయ్యి ఆనించేవాడు. ఆ చెయ్యి అక్కడ ఉన్నా లేకపోయినా టైరుకు తేడా లేదు. తేడా నాకు. ఆయన చెయ్యి పడింది కాబట్టి ఆయనే ఎక్కించాడు అనుకునేదాన్ని.

చివరికి మాట తడబడింది, మెడ వాలిపోవడం మొదలైంది. తువాలు చుట్టి మెడకు కట్టాను. రోజూ పొద్దున ఆటో అతనూ నేనూ చెరో పక్క పట్టుకొని ఆయన్ను షాపుకు తెచ్చేవాళ్లం. పక్కనున్న చాయ్ హోటల్ ఆమె ఒకసారి, "వదినా, అన్నను జర ఇంటికాడ ఉండనియ్యరాదు?" అంది. ఆమె మీద ఇంతెత్తున లేచాను. నా మొగుడి సంగతి నీకేం తెలుసన్నాను. ఆయన పని లేకుండా ఒక్కరోజు బతకడన్నాను. ఆయన వింటూనే ఉన్నాడు.

ఈ మధ్యే, వానలు పడ్డ కొత్తలో, ఒక కారు వచ్చింది. టైరు నేనే విప్పాను, నేనే గాలి పట్టాను, నేనే తగిలించాను. పై నట్టు మొదటి చుట్టు మాత్రం ఆయనది. అదొక్కటీ వదలలేదు నేను. ఆయన కుర్చీని చక్రం దగ్గరికి జరిపాను. వేళ్లు ముడుచుకోవు కాబట్టి నా పాత చీర చింపిన పేలికతో పానాను ఆయన అరచేతికి కట్టేదాన్ని. ఆయన మోచెయ్యిని నేను కదిపితే పానా కదిలేది, నట్టు తిరిగేది. ఆ రోజు కట్టు జారింది. మళ్లీ కట్టాను, మళ్లీ జారింది. మణికట్టు అంత సన్నబడింది. సైకిల్ ట్యూబు కోసి రబ్బరు పట్టీ చేద్దామని, కత్తెర ఎక్కడ పెట్టానా అని వెతుకుతున్నాను. కారాయన ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇగ ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు మా ఆయన.

ఆ మాట ఇంకెవరు విన్నా మూలుగు అనుకుంటారు. నాకు తెలుస్తుంది. ఉంది అని చెప్పడానికి నోరు తెరిచాను, ఎప్పుడూ అట్లాగే చెప్పాను కాబట్టి. ఆయన అరచెయ్యి వైపు చూశాను. పేలిక ఒరిసిన చోట తోలు లేచి ఎర్రగా ఉంది. ఎన్నాళ్ల నుంచి అట్లా ఉందో, రోజూ కట్టేదాన్ని, నేను చూడలేదు.

"లేదయ్యా. ఇంకేం లేదు," అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఏడుస్తాడేమో, నేనూ ఏడవొచ్చు అనుకున్నాను. ఏడవలేదు. భుజాలు కిందికి దిగాయి. ఒక్కో మాటా కూడదీసుకొని అన్నాడు.

"గీ మాట ఎప్పుడంటవో అని సూత్తాన. అలిసిపోయినే. ఇంటికి తోల్కపో."

ఆయన ఎప్పుడూ నాకు ఎదురు చెప్పలేదు. నేను టైరు లేపమంటే లేపాడు, నెట్టమంటే నెట్టాడు, చెయ్యి చాపమంటే చాపాడు. నేను కనిపెట్టిన ప్రతి ఉపాయానికీ నవ్వాడు. ఆయనకు పని కావాలని నేననుకున్నాను. ఆయన మంచం ఎక్కితే నేను చూడలేనని ఆయనకు తెలుసు, అందుకే ఎక్కలేదు. ఆయన అలసట తగ్గిస్తున్నానని రెండేళ్లు ఊరందరికీ చెప్పుకున్నాను. ఆ అలసట నేనే.

పేలిక ముడి విప్పాను. కారాయన బండికి నట్లు నేనే బిగించేసి పంపించాను, మంచి మనిషి, ఏమీ అడగలేదు. చాయ్ హోటల్ ఆమె చేతిలో పని వదిలేసి వచ్చి, ఆయన్ను ఆటో ఎక్కించడానికి ఒక చెయ్యి వేసింది. షట్టరు దించాను.

ఇంటికొచ్చాక మంచం మీద పడుకోబెట్టాను. గోడ వైపు తిప్పమన్నాడు, తిప్పాను. పొద్దున పదకొండు కూడా కాలేదు. ఆయన అప్పుడే నిద్రపోయాడు, సాయంత్రందాకా కదల్లేదు. మధ్యలో రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి వెచ్చగా తగిలింది.